వినపడని పనితనం

ఉక్కు నగరంలో ఏ వేళనైనా కొందరు నిద్రలో ఉంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉక్కు కొలిమికి రాత్రీ పగలూ అన్న భేదం లేదు. పని మూడు షిఫ్టులలో సాగుతుంది. రాత్రంతా మంటల వేడిమిలో శ్రమించి వచ్చినవానికి మిట్టమధ్యాహ్నమే అర్ధరాత్రి. శ్రీకాకుళం ప్రాంతం నుంచి తరలివెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు ఇళ్లలోని పిల్లలకు ఈ సంగతి చిన్ననాడే తెలుస్తుంది. నాన్నగారు రాత్రి డ్యూటీ చేసి పడుకున్నారు, మెల్లగా మాట్లాడాలి.

అటువంటి వీధిలోకి పాతకాలపు ఖరీదైన స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చిందనుకోండి. 1961లో జెనీవా ప్రదర్శనలో లోకానికి పరిచయమైన జాగ్వార్ ఇ-టైప్ వంటిది. ఆరు సిలిండర్లు, 3.8 లీటర్ల ఇంజను, మూడు కార్బ్యురేటర్లు. ఇటువంటి బండిని ప్రాణప్రదంగా చూసుకునే యజమానికి ఒకనాడు తప్పక ఎదురయ్యే సమస్య పొగగొట్టం. తుప్పు తిన్న పాత సైలెన్సర్ స్థానంలో ఏది బిగించాలి? బజారులో తేలికగా దొరికే సమాధానం, మరింత గట్టిగా గర్జించే గొట్టం. ఆ సమాధానం ఎంతవరకు సరియైనదో విచారించవలసి ఉంది.

ముందుగా తుప్పు సంగతి. పెట్రోలు మండినప్పుడు పొగతోపాటు నీరు కూడా పుడుతుంది. ఒక లీటరు పెట్రోలుకు ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో గొట్టం గుండా పోతుంది. బండి చాలా దూరం నడిస్తే గొట్టం బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటకు వెళ్లిపోతుంది. ఇంటినుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి మాత్రమే తిరిగే బండిలో అది చల్లబడి సైలెన్సర్ అడుగున నిలిచి, పొగలోని ఆమ్లాలతో కలిసి ఇనుమును లోపలినుంచి తినివేస్తుంది. అపురూపంగా షెడ్డులో దాచి, అప్పుడప్పుడు మాత్రమే బయటకు తీసే కారుకే ఈ రోగం ఎక్కువ. పైన రంగు చెక్కుచెదరకుండా ఉన్నా లోపల రేకు జల్లెడై ఉండవచ్చు.

ఈ చిల్లులు కేవలం చప్పుడుకు సంబంధించినవి కావు. ఇంజను నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పగిలిన గొట్టం నుంచి అది కారు లోపలికి చేరితే, తలనొప్పి, మగత అనుకుంటూ ఉండగానే మనిషి స్పృహ తప్పవచ్చు. కనుక పాత కారుకు కొత్త గొట్టం వేయడం విలాసం కాదు, అవసరమే. తేలవలసినది ఎటువంటిది వేయాలన్నదే.

ఇంజనులో ప్రతి సిలిండరూ తన పొగను ఒక్కసారిగా బయటకు నెడుతుంది. ఆ దెబ్బలన్నీ కలిసిందే మనం వినే మోత. దానిని అణచే సాధనానికి అమెరికాలో రీవ్స్ సోదరులు 1897లోనే పేటెంటు పొందారు. సైలెన్సర్ లోపల చిల్లుల గొట్టాలు, చిన్న చిన్న గదులు ఉంటాయి. ధ్వని తరంగాలు ఆ గోడలకు తగిలి వెనుకకు మళ్లి, ఎదురు వచ్చే తరంగాలతో ఢీకొని బలహీనపడతాయి. కొన్నింటిలో నింపిన గాజునూలు మిగిలిన ధ్వనిని పీల్చుకుంటుంది. ఈ ఏర్పాటును తీసివేసి తిన్నని గొట్టం వేస్తే బలం పెరుగుతుందని చాలామంది నమ్మకం. పెరిగినట్లు చెవికి తోస్తుంది, అంతే. పొగ మరింత సులువుగా పోవడం మొదలైతే గాలికీ పెట్రోలుకూ మధ్య నిష్పత్తి మారిపోతుంది. కార్బ్యురేటరు సూదులను, జెట్లను అందుకు తగినట్లు సరిచేయకపోతే మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కి, వాల్వులు కాలిపోయే ప్రమాదం ఉంది.

మంచి మార్పు మరొక విధమైనది. గొట్టం కొలతలు పాతవే ఉంచి, లోహాన్ని మార్చడం. మామూలు ఉక్కుకు బదులు సుమారు 11 శాతం క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే ఏళ్ల తరబడి మన్నుతుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నదైతే ఇంకా మేలు, ధర కూడా ఆ మేరకే. భిలాయిలో తయారయ్యే పట్టాల ఉక్కు ఈ పనికి రాదు. స్టీల్ అథారిటీ సంస్థలో స్టెయిన్‌లెస్‌కు పేరుపొందిన కర్మాగారం తమిళనాడులోని సేలంలో ఉంది. అతుకుల వద్ద కొత్త గాస్కెట్లు, గొట్టాన్ని వేలాడదీసే రబ్బర్లు వేయించుకోవడం మరువరాదు. మన దేశంలో నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు 1995 నుంచి కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. అటువంటి బండి అయితే ఆ పరికరాన్ని తొలగించనే రాదు. అది విషవాయువులను చాలావరకు నిరపాయమైనవిగా మారుస్తుంది.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు సైలెన్సర్‌ను తప్పనిసరి చేశాయి. 2019లో సవరించిన చట్టం ప్రకారం శబ్ద ప్రమాణాన్ని మీరితే మూడు నెలల వరకు జైలు, లేదా రూ. 10,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర ఉన్న నిశ్శబ్ద మండలానికి అది 50, 40 మాత్రమే. పది డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి పదింతలైనట్లు లెక్క. భిలాయి సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి పక్క వీధిలో ఒక్క గర్జన, మంచం మీద ఉన్న రోగికి ఎంత భారమో ఊహించడం కష్టం కాదు. అయితే రాత్రి డ్యూటీ ముగించి పగలు నిద్రించే కార్మికుని కోసం ఏ చట్టమూ ప్రత్యేక హద్దు గీయలేదు. అతని నిద్రకు కాపలా కారు నడిపేవాని మర్యాదే.

ఈ మర్యాదను ఆ ఊరు తన వృత్తిలోనే నేర్చుకున్నది. పూర్వం పొట్టి పట్టాలను బోల్టులతో కలిపేవారు. ప్రతి అతుకు వద్ద రైలు చక్రం టకటకమని మోగేది. నేడు భిలాయి మిల్లు 130 మీటర్ల పొడవున ఒకే పట్టాను సాగదీసి, రెండింటిని వెల్డింగ్ చేసి 260 మీటర్ల పట్టాగా రైల్వేలకు పంపుతున్నది. అతుకులు తగ్గేకొద్దీ కుదుపూ తగ్గింది, చప్పుడూ తగ్గింది. రైలులో నిద్రించే ప్రయాణికునికి ఆ పట్టాను ఎవరు చేశారో తెలియదు. తెలియకుండానే హాయిగా నిద్రపోతాడు.