ప్యాకేజీ ముగిసినా జబ్బు ముగియదు

క్యాన్సర్‌ వైద్యం పేదింటిని అప్పుల్లో ముంచకుండా చూడాలన్న సంగతిని తెలుగు నేల చాలా రాష్ట్రాల కన్నా ముందే గుర్తించింది. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలోని మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ అందుకు సాక్ష్యం. ఆ రక్షణ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ కుటుంబానికి ఏటా రూ.10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌ రూ.25 లక్షలకు పెంచాయి. అయితే ఈ పథకాల లెక్కంతా ఆపరేషన్‌కు ఇంత, కీమోకు ఇంత, రేడియేషన్‌కు ఇంత అనే ప్యాకేజీల్లోనే సాగుతుంది. ఇరవై, ఇరవై రెండేళ్ల వయసులో రక్త క్యాన్సరో ఎముక క్యాన్సరో వచ్చినవారి కష్టం ఆ లెక్కలో ఇమడదు. వైద్యం ఏళ్ల తరబడి నడుస్తుంది. తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టవచ్చు. మధ్యమధ్యలో జ్వరాలు, ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కిస్తాయి. సరిగ్గా ఆ ఏళ్లలోనే చదువు పూర్తికావాలి, కొలువు దొరకాలి, పెళ్లి మాట కదలాలి. కాబట్టి యువ రోగులకు అందే సాయం ఆస్పత్రి బిల్లు దగ్గర ఆగిపోకూడదు. చదువును, ఉపాధిని, రాకపోకలను, వైద్యం ముగిశాక మిగిలే ఆరోగ్య సమస్యలను కలిపి చూసే ప్రత్యేక విధానాన్ని రెండు ప్రభుత్వాలూ తీసుకురావాలి.

ఈ వయసువారిని విడిగా చూడాలన్నది జాలితో పుట్టిన మాట కాదు. అమెరికా జాతీయ క్యాన్సర్‌ సంస్థ 15 నుంచి 39 ఏళ్ల మధ్యవారిని ప్రత్యేక వర్గంగా పరిగణిస్తోంది. బ్రిటన్‌లో 1990లోనే లండన్‌లోని మిడిల్‌సెక్స్‌ ఆస్పత్రిలో కౌమార వయస్కుల కోసం వేరుగా క్యాన్సర్‌ వార్డు తెరిచారు. కారణం వైద్యపరమైనదే. తీవ్ర లింఫోబ్లాస్టిక్‌ ల్యుకేమియా వచ్చిన 16-20 ఏళ్ల రోగులపై అమెరికా పరిశోధకులు 2008లో ఒక పోలిక ప్రచురించారు. పిల్లల వైద్య విధానంలో చికిత్స పొందినవారిలో ఏడేళ్ల తర్వాత 63 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా జీవించి ఉంటే, పెద్దల విధానంలో చికిత్స పొందినవారిలో అలా మిగిలింది 34 శాతమే. అదే జబ్బు, అదే వయసు. ఏ విభాగంలో చేరారన్నదే ఫలితాన్ని అంతగా మార్చింది. పిల్లల విధానంలో కొన్ని మందుల మోతాదు ఎక్కువ, షెడ్యూలు కచ్చితం. ఇంత కఠినమైన వైద్యాన్ని రెండేళ్లకు పైగా నిలబెట్టుకోవాలంటే మందు ఒక్కటే చాలదు. ఇంటికొచ్చాక రోజూ మింగాల్సిన మాత్రలు మానేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. బస్సు చార్జీకి డబ్బు లేకనో, కళాశాలలో హాజరు పోతుందనో ఒక విడత వాయిదా పడితే, అప్పటిదాకా ప్రభుత్వం పెట్టిన లక్షల ఖర్చు ఫలితమే ప్రమాదంలో పడుతుంది. మనం అదనపు సాయం అనుకుంటున్నది నిజానికి చికిత్సలో భాగమే.

మన నిబంధనలు రాసినవారి ఊహలో మాత్రం ఈ వయసు రోగి ఎక్కడా కనిపించడు. ఈఎస్‌ఐ సంగతి చూడండి. క్యాన్సర్‌ వంటి దీర్ఘకాలిక జబ్బులకు వేతనంలో 80 శాతాన్ని రెండేళ్ల దాకా చెల్లించే మంచి ఏర్పాటు అందులో ఉంది. కానీ అది దక్కాలంటే అప్పటికే రెండేళ్లు నిరంతరంగా ఉద్యోగంలో ఉండాలి. నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాడికి ఆ అర్హత ఎక్కడి నుంచి వస్తుంది? హైదరాబాద్‌ జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. అనారోగ్యమైతే 65 శాతం వరకు సడలిస్తారు. అంతకు తగ్గితే ఎట్టి పరిస్థితుల్లోనూ మినహాయింపు లేదు. నెలకు వారం పది రోజులు ఆస్పత్రిలో, మరో వారం రక్తకణాల కౌంట్‌ పడిపోయి ఇంట్లో గడిపే విద్యార్థికి ఆ 65 అందని మెట్టే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, హిమోఫీలియా, సికిల్‌సెల్‌ జబ్బులకు అందులో సముచితంగానే చోటు దక్కింది. క్యాన్సర్‌కు దక్కలేదు. ఎముక క్యాన్సర్‌ వల్ల కాలు తీసేస్తే వైకల్య ధ్రువపత్రం ఇస్తారు. మూడేళ్ల కీమోతో మంచం పట్టినా ఇవ్వరు.

జబ్బు నయమైనా కథ అక్కడితో ఆగదు. బాల్యంలో క్యాన్సర్‌ను జయించి యౌవనానికి చేరిన పది వేల మందికి పైగా అమెరికా, కెనడావాసులను పరిశీలించి 2006లో వెలువరించిన అధ్యయనంలో 62 శాతం మందికి కనీసం ఒక దీర్ఘకాలిక ఆరోగ్య సమస్య ఉన్నట్లు, పావువంతుకు పైగా మందికి అది తీవ్రమైనదో ప్రాణాంతకమైనదో అయినట్లు తేలింది. డాక్సోరుబిసిన్‌ అనే కీమో మందు గుండెను బలహీనపరచవచ్చు. సిస్‌ప్లాటిన్‌ వినికిడినీ మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు. చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్‌ తీసుకున్న యువతికి ఆ తర్వాత రొమ్ము క్యాన్సర్‌ ముప్పు పెరుగుతుంది. కొన్ని మందులు సంతానయోగ్యతనే హరిస్తాయి. కీమో మొదలుపెట్టడానికి ముందే వీర్యాన్నో అండాలనో భద్రపరిస్తే ఆ నష్టాన్ని చాలావరకు తప్పించవచ్చు. కానీ ఆ అవకాశం ఉందని రోగికి చెప్పడమే తొలి రోజుల హడావుడిలో మరుగున పడుతుంది. ఇక తిరగబెట్టిన రక్త క్యాన్సర్లకు ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్‌ కలిసి రూపొందించిన, రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి జబ్బుపై ప్రయోగించే కార్‌-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి లభించింది. విదేశీ ధరతో పోలిస్తే చౌకే అయినా, దాని ఖర్చు తెలంగాణ వార్షిక పరిమితిని బాగా మించిపోతుంది. తొలిసారి చికిత్సను లెక్కగట్టి పెట్టిన పరిమితులు తిరగబెట్టినప్పుడు చాలవు.

ఈ ప్రతిపాదనకు మొదటి అభ్యంతరం డబ్బు దగ్గరే వస్తుంది. క్యాన్సర్‌ రోగుల్లో అత్యధికులు యాభై దాటినవారే, పిడికెడు యువత కోసం ప్రత్యేక విధానం దేనికని అడగవచ్చు. సంఖ్య తక్కువ కావడమే దీన్ని భరించగలమనడానికి మొదటి కారణం. ఇరవై ఏళ్ల మనిషిని నిలబెడితే సమాజానికి దక్కేది నలభై ఏళ్ల శ్రమ, సంపాదన, పన్ను. పైగా అడుగుతున్న వాటిలో సగానికి ఖజానాతో పనే లేదు. హాజరు నిబంధన సడలించడానికి, ఈఎస్‌ఐ షరతు మార్చడానికి ఆస్పత్రులు కట్టనక్కర్లేదు. ఖర్చున్న వాటికీ నమూనాలు ఇప్పటికే ఉన్నాయి. పోషకాహారం వైద్యంలో భాగమని గుర్తించి క్షయ రోగులకు 2018 నుంచి నెలకు రూ.500 ఇచ్చిన కేంద్రం, 2024 నవంబరులో దాన్ని రూ.1,000 చేసింది. శస్త్రచికిత్స తర్వాత కోలుకునే కాలానికి రోజుకు రూ.225 చొప్పున భృతి ఇవ్వడాన్ని ఆంధ్రప్రదేశ్‌ 2019 డిసెంబరులోనే ఆరంభించింది. మూడేళ్లలో అన్ని జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్‌ క్యాన్సర్‌ కేంద్రాలు తెరుస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌ ప్రకటించింది. తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చిన రోగికి గంటలోపే యాంటీబయాటిక్‌ పడాలి. ఆదిలాబాద్‌ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు. ఆ డే కేర్‌ కేంద్రాలు కాగితం మీద కాక, అర్ధరాత్రి జ్వరాన్ని సైతం చూసేలా పనిచేస్తేనే వాటికి అర్థం.

మన కుటుంబాలు ఉండగా ప్రభుత్వం ఎందుకన్నది రెండో అభ్యంతరం. నిజమే, బిడ్డ మంచం పడితే పొలం అమ్మైనా వైద్యం చేయించే తల్లిదండ్రులు మనకు కొరత కాదు. కానీ ఆ త్యాగం మీదే వ్యవస్థ నడవడం సరికాదు. అటెండెంట్‌గా ఆస్పత్రి వరండాలో నెలలు గడిపే తల్లి కూలి పోతుంది, తోబుట్టువు చదువు ఆగుతుంది. రెండోసారి తిరగబెట్టే నాటికి అమ్మడానికి ఏమీ మిగలదు. ఇంకో చిక్కూ ఉంది. పద్దెనిమిది నిండిన వ్యక్తి శరీరం మీద నిర్ణయం ఆ వ్యక్తిదే. మన ఇళ్లలో మాత్రం ప్రేమతోనే జబ్బు పేరు దాచిపెట్టి, డాక్టరుతో పెద్దవాళ్లే మాట్లాడుకోవడం పరిపాటి. తన ఒంటికి ఏం జరుగుతోందో తెలియని మనిషి మాత్రలెందుకు మానకూడదో గ్రహించలేడు, సంతానం గురించి వేళకు అడగలేడు, ఇక చాలని చెప్పే హక్కునూ కోల్పోతాడు. అందుకే ప్రతి యువ రోగికీ మొదటి రోజు నుంచే ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్‌ ఉండాలి. నయమయ్యే ఆశ సన్నగిల్లినప్పుడు నొప్పి తగ్గించే పాలియేటివ్‌ సేవలూ అందాలి. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి మార్ఫిన్‌ అందుబాటును సులభం చేశాక కూడా, రోగి నొప్పితో విలవిల్లాడటాన్ని విధి అనుకోవడం క్షమార్హం కాదు.

సడలింపులిస్తే దొంగ ధ్రువపత్రాలు పుట్టుకొస్తాయన్నది మూడో వాదన. మూడు రోజుల జ్వరానికి సర్టిఫికెట్‌ సృష్టించడం తేలికే కావచ్చు. బయాప్సీ నివేదిక, ఆరోగ్యశ్రీ అనుమతి సంఖ్య, కీమో తేదీలు ప్రభుత్వ కంప్యూటర్లలోనే నమోదై ఉండే జబ్బును నటించడం సాధ్యం కాదు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే వంటి క్యాన్సర్‌ ఆస్పత్రి రికార్డును విశ్వవిద్యాలయం, ఈఎస్‌ఐ కార్యాలయం నేరుగా సరిచూసుకుంటే రోగి గుమ్మం గుమ్మం తిరగనక్కర్లేదు. మోసం జరుగుతుందేమోనన్న అనుమానంతో నిజమైన రోగిని శిక్షించడం కన్నా ఇది ఎంతో సులభం.

ప్రభుత్వాలు చేయాల్సినవి స్పష్టమే. 15-39 ఏళ్ల క్యాన్సర్‌ రోగులకు చికిత్స సాగినంత కాలం నెలవారీ భృతి, రోగితోపాటు సహాయకులకూ ఉచిత బస్సు ప్రయాణం కల్పించాలి. వీర్యం, అండాలు భద్రపరచడాన్ని, చికిత్స ముగిశాక ఏటా చేయాల్సిన గుండె, వినికిడి, హార్మోన్ల పరీక్షలను ప్యాకేజీలో చేర్చాలి. తిరగబెట్టిన జబ్బుకు వేరుగా పరిమితి పెట్టాలి. చికిత్సలో ఉన్న విద్యార్థులకు హాజరు షరతు రద్దుచేసి, ఆన్‌లైన్‌ పాఠాలకు, విడిగా పరీక్షలకు వీలు కల్పిస్తూ విశ్వవిద్యాలయాలు ఉత్తర్వులివ్వాలి. ఆగిన ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్‌ కోల్పోకుండా చూడాలి. ఈఎస్‌ఐలోని రెండేళ్ల సర్వీసు షరతు నుంచి క్యాన్సర్‌ రోగులను మినహాయించేలా కేంద్రాన్ని ఒప్పించాలి. చికిత్స ముగిసి ఐదేళ్లు గడిచినవారు గృహరుణ బీమా కోసం పాత క్యాన్సర్‌ సంగతి చెప్పనక్కర్లేదని ఫ్రాన్స్‌ 2022లో చట్టం చేసింది. అలాంటి రక్షణను మన బీమా నియంత్రణ సంస్థా తేవాలి. వీటిలో ఏ ఒక్కటీ అసాధ్యం కాదు, చాలావాటికి ఒక జీవో చాలు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా కనీసం హాజరు నిబంధననైనా మార్చి, రెండు రాష్ట్రాలూ తమ చిత్తశుద్ధిని నిరూపించుకోవాలి.