కబురు మోసినవాడే పూచీదారు

ప్రత్యేక దళాల్లో కొలువు చేసి ఇంటికొచ్చినవాళ్లం, ఆ కొలువులో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లవాళ్లం కలిసి ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నాం. పారాచూట్ రెజిమెంటులోని స్పెషల్ ఫోర్సెస్ బెటాలియన్లు కానివ్వండి, నౌకాదళపు మార్కోస్ కానివ్వండి, వాయుసేన గరుడ్ కానివ్వండి, అక్కడ పనిచేసి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉంటున్నవాళ్లకూ, బతుకుతెరువు కోసం బెంగళూరుకో గల్ఫ్‌కో వెళ్లినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. మా మాట ఒక్కటే. తోటివాడి గురించి కబురు చేరవేయడం ఒక పని, అతనికి సాయపడడం ఇంకో పని అని మేము అనుకోవడం లేదు. కబురు మోసినవాడు అది నిజమని పూచీ పడాలి. అది విన్నాక జరగాల్సిన పనికీ పూచీ పడాలి. ఆ పూచీ తీసుకోలేనివాడు ఊరుకోవడం మేలు.

సైన్యంలో పనిచేసిన అందరిదీ ఒకే కష్టం కదా, మీకు వేరు కుంపటి ఎందుకని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. మా త్యాగం మిగతా జవాన్ల త్యాగం కంటే ఎక్కువదని మేము అనడం లేదు. మా పరిస్థితిలో ఒక తేడా ఉంది, అంతే. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో తరతరాలుగా పట్టాళానికి వెళ్లినవాళ్లున్నారు. అలాంటి చోట ఒకరి పింఛను ఆగితే సాయంత్రానికల్లా వీధికంతా తెలుస్తుంది. ఏ కాగితం ఎక్కడ పెట్టాలో చెప్పే పెద్దమనిషి నాలుగిళ్ల అవతలే ఉంటాడు. ప్రత్యేక దళాల్లోకి మనిషి ఇలా ఊరుమ్మడిగా వెళ్లడు. తనంతట తాను ముందుకొచ్చి, ప్రొబేషన్‌లో నలిగి, చాలామంది వెనుదిరిగాక మిగిలిన కొద్దిమందిలో ఒకడవుతాడు. అతని జట్టులో ఒకరిది హిమాచల్ అయితే ఇంకొకరిది మణిపూర్, మరొకరిది మదనపల్లె. నలభైకి అటూ ఇటూ వయసులో బయటికొచ్చేసరికి, అతను ఏం చేశాడో ఎరిగిన మనిషి దరిదాపుల్లో ఉండడు. చేసిన పని గురించి ఇంట్లో చెప్పుకునే వీలూ ఉండదు.

ఆ మౌనం ఎంతదూరం పోగలదో స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. 1962 నవంబరులో ప్రధానంగా టిబెటన్ శరణార్థులతో ఏర్పడిన ఆ దళం కేబినెట్ సెక్రటేరియట్ కింద నడిచింది. 1971లో చిట్టగాంగ్ కొండల్లో పోరాడి 50 మందికి అటూ ఇటుగా పోగొట్టుకుంది. రహస్య దళం కాబట్టి బహిరంగంగా శౌర్య పతకాలు ఇవ్వలేదు. నగదు బహుమతులతో సరిపెట్టారు. 2020లో పాంగాంగ్ సరస్సు దగ్గర మందుపాతర పేలి ఆ దళానికి చెందిన నీమా తెన్జిన్ చనిపోయినప్పుడు లేహ్‌లో అంత్యక్రియలు బహిరంగంగా జరిగాయి. ఆ దళం పేరు చాలామంది భారతీయులు విన్నది అప్పుడే. మధ్యలోని యాభై ఏళ్లలో ఆ ఇళ్లలో ఎవరికి ఏ అవసరం వచ్చినా, సాయం అడగడానికి ముందు ఆ మనిషి ఎక్కడ పనిచేశాడో చెప్పాలి. చెప్పకూడనిది సరిగ్గా అదే. ఇలాంటి చోట, చెప్పకుండానే తెలిసిన తోటివాళ్లు తప్ప దిక్కెవరు?

అయితే తెలిసినవాళ్లం కదా అని నోటికొచ్చిందల్లా చెప్పే హక్కు మాకు రాదు. 2008 నవంబరు ముంబయి దాడుల్లో నారీమన్ హౌస్ కప్పు మీదికి ఎన్‌ఎస్‌జీ కమాండోలు హెలికాప్టర్ నుంచి దిగుతుంటే టీవీలు ప్రత్యక్షంగా చూపించాయి. ఉగ్రవాదులను ఫోన్లో నడిపిస్తున్నవాళ్లు సరిహద్దు అవతల కూర్చుని టీవీ ప్రసారాలు చూస్తూ ఆదేశాలిచ్చారు. ఆ దాడుల్లో పట్టుబడిన కసబ్ కేసు తీర్పులో 2012లో సుప్రీంకోర్టు ఆ ప్రసారాలను గట్టిగా తప్పుబట్టింది. ఆనాడు కెమెరా చేసిన పని ఈనాడు ఎవరి జేబులోని ఫోనైనా చేయగలదు. అందుకే కొలువులో ఉన్నవారి పేర్లు, ఫొటోలు, వాళ్లున్న చోటు, యూనిట్ కదలికలు మా మధ్య కూడా చర్చకు రావు. ఎంత పాత ఆపరేషన్ అయినా, ప్రభుత్వం వెల్లడించిన మేరకే మేమూ మాట్లాడతాం.

చావు కబురు విషయంలో మా నియమం ఇంకా కఠినం. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలింది. జనరల్ బిపిన్ రావత్‌తో పాటు అందులో ఉన్నవారిలో 11 పారా స్పెషల్ ఫోర్సెస్‌కు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ ఒకరు. ఆయనది అప్పటి చిత్తూరు జిల్లాలోని ఎగువరేగడ. ప్రమాదం జరిగింది మధ్యాహ్నం, వాయుసేన మరణాలను ధ్రువీకరించింది సాయంత్రం. ఆ మధ్యలో టీవీల్లో, ఫోన్లలో ఎన్ని మాటలు తిరిగాయో అందరికీ తెలుసు. డీఎన్‌ఏ పరీక్షతో గుర్తించాక గానీ ఆయన భౌతికకాయం ఊరికి బయల్దేరలేదు. అంత్యక్రియలు 12న జరిగాయి. ఆ నాలుగు రోజులు ఒక ఇంటివాళ్లు ఎలా గడిపి ఉంటారో ఆలోచించినవాడెవడూ, అందరికంటే ముందు తానే చెప్పాలని పోటీపడడు. ఇంట్లోవాళ్లకు అధికారికంగా తెలిశాకే మా నుంచి పేరు బయటికొస్తుంది. ఎలాగూ బయటపడేదే కదా, మీరు ఆపి ఏం లాభమని కొందరంటారు. లోకం నోరు మేము కట్టలేం, నిజమే. కానీ ఆ ఇంటివాళ్లు ఫోన్ చేసి నిజమేనా అని అడిగేది మమ్మల్నే. ఊహాగానాలు మోసినవాడికి ఆ ఫోన్ ఎత్తే అర్హత ఉండదు.

చేరకూడని కబురు గురించి చెప్పాం. చేరవలసింది చేరకపోవడం మా వాళ్లను ఇంకా ఎక్కువగా దెబ్బతీస్తోంది. రక్షణ పింఛన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ విధానంలోకి మారాక, 2022లో ఏటేటా జరగాల్సిన గుర్తింపు పూర్తికాలేదన్న కారణంతో 58,000 మందికి పైగా పింఛనుదారులకు ఏప్రిల్ పింఛను పడలేదు. రక్షణ శాఖ ఒకసారికి ప్రత్యేక మినహాయింపు ఇచ్చి చెల్లించింది. అన్ని వేల మందికి అందని సమాచారం ఏ రహస్యమూ కాదు. లైఫ్ సర్టిఫికెట్ గడువు దాటుతోందన్న చిన్న మాట. సాహస గాథలు పదిసార్లు పంచుకునేవాళ్లు ఆ ఒక్క మాట ఒక్కసారి పంచుకుంటే ఎన్నో ఇళ్లలో నెల గడిచేది.

ఇంకాస్త దగ్గరగా చూస్తే చిక్కు మరోలా ఉంటుంది. మనిషి పోయాక భార్య ట్రంకుపెట్టె తెరిచి కాగితాలు బయటికి తీస్తుంది. డిశ్చార్జి బుక్కులో ఆమె పేరు లక్ష్మి అని ఒక్క ముక్కే ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, వెంకటలక్ష్మి తర్వాత. బ్యాంకు పాసుబుక్కులో పుట్టింటివారి ఇంటిపేరు. పుట్టిన తేదీ యూనిట్ పార్ట్ టూ ఆర్డర్లో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. భర్త బతికి ఉండగా ఒక అఫిడవిట్‌తో, రికార్డ్స్ ఆఫీసుకు ఒక దరఖాస్తుతో సరిపోయే పని, ఆయన పోయాక నెలల తిరుగుడు అవుతుంది. ఉత్తరాలు వచ్చేది ఇంగ్లీషులోనో హిందీలోనో. వాటికి జవాబులు రాసిపెట్టడం, ఆమెతో పాటు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అక్కడ కూర్చోవడం మా దృష్టిలో కబురు చేరవేయడంలో భాగమే. పోయినవాడి భార్యను వదినగారూ అని పిలిచే ప్రతి మనిషికీ ఈ పని వర్తిస్తుంది.

వీటికి ప్రభుత్వ వ్యవస్థ ఉంది కదా అన్నది గట్టి అభ్యంతరమే. ఉంది. మాజీ సైనికుల వైద్యం కోసం 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లున్నాయి, సైనిక్ బోర్డులున్నాయి, రెజిమెంటు సంఘాలున్నాయి. వాటితో మాకు పోటీ లేదు, వాటి పని మేము చేయలేం. కానీ ఏ కార్యాలయమైనా తన గడప తొక్కినవాడికే పని చేసిపెట్టగలదు. ప్రత్యేక దళాల మనిషికి చేతకానిది ఆ గడప తొక్కడమే. నొప్పిని ఓర్చుకోవడమే ఎంపికకు కొలమానమైన చోట ఏళ్లు గడిపినవాడు, నిద్ర పట్టడం లేదని డాక్టరుకు చెప్పడం ఓటమి అనుకుంటాడు. తలుపులు పేల్చడం, భుజం మీద నుంచి రాకెట్ లాంచర్ కాల్చడం ఏళ్ల తరబడి చేసినవాడి మెదడుకు, పైకి గాయం కనబడకపోయినా, దెబ్బ తగలొచ్చు. అమెరికాలో పేలుళ్లకు గురై తర్వాత మరణించిన సైనికుల మెదళ్లను డేనియల్ పెర్ల్ బృందం పరీక్షించింది. మామూలు ప్రమాదాల్లో కనబడని ఒక రకం మచ్చలు వాటిలో ఉన్నాయని 2016లో లాన్సెట్ న్యూరాలజీలో ప్రకటించింది. కొద్ది మెదళ్ల మీద జరిగిన పరీక్ష అది, దాన్నిబట్టి మా అందరికీ జబ్బుందని చెప్పలేం. కానీ కోపం, మరుపు, తలనొప్పి మనిషి బలహీనత వల్లే వచ్చాయని తీర్పిచ్చే హక్కు ఇక ఎవరికీ లేదు.

ఇక్కడ చట్టం కూడా తెలిసి ఉండాలి. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. చేరేనాటికి రికార్డులో లేని జబ్బు తర్వాత వస్తే, అది సర్వీసు వల్ల వచ్చిందనే మొదట అనుకోవాలి, కాదని చూపే భారం సైన్యానిది. 2023 సెప్టెంబరులో వైకల్య పింఛను నిబంధనలు మారాయి. కాబట్టి ఎవరు ఎప్పుడు బయటికొచ్చారన్నది ముఖ్యం. రిలీజ్ మెడికల్ బోర్డు ముందు అంతా బాగుందని సంతకం పెట్టేసి, పదేళ్ల తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్ చుట్టూ తిరిగే దుస్థితి మా తర్వాతివాళ్లకు రాకూడదు. ఏ నొప్పీ దాచకుండా రికార్డులో రాయించుకోమని, బయటికి రాబోతున్న ప్రతి ఒక్కరికీ ముందే చెబుతాం.

డబ్బు సేకరణ దగ్గర మేము మరీ పట్టుదలగా ఉంటాం. ఎవరికో ఆపదంటూ ఫొటో పెట్టి చందాలడిగే సందేశాల్లో నిజమెంతో తెలియదు. మెరూన్ టోపీ, బలిదాన్ బ్యాడ్జి పెట్టుకుని లేని సర్వీసు చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. డిశ్చార్జి బుక్కు చూసి, అతనితో కలిసి పనిచేసిన ఇద్దరిని అడిగి, ఆసుపత్రి బిల్లు చేతికందాకే పిలుపు ఇస్తాం. జాలి ఉన్నచోట ఇన్ని ప్రశ్నలేమిటని నొచ్చుకునేవారికి ఒకటే చెబుతున్నాం: ఒక్క దొంగ చందా బయటపడితే ఆ తర్వాత నిజంగా అవసరపడ్డ ఇంటికి పైసా రాదు. ప్రాణాపాయమైతే మాత్రం మొదటి రోజు ఖర్చు మా ఉమ్మడి నిధి నుంచే వెళుతుంది, విచారణ దాని వెంట నడుస్తుంది.

పిల్లల చదువుకు మాకు ఒక ఆదర్శం ఉంది. 1980 ఏప్రిల్‌లో ఇరాన్ ఎడారిలో అమెరికా బందీల విడుదల ప్రయత్నం విఫలమై ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లకు 17 మంది పిల్లలు. తోటివాళ్లు ఆ పిల్లలను కాలేజీ దాకా చదివిస్తామని మాటిచ్చి నిధి పెట్టారు. అదే పెరిగి అమెరికా ప్రత్యేక దళాల్లో చనిపోయిన వారందరి పిల్లలకూ ఆసరా అయింది. మా చేతిలో అంత సొమ్ము లేదు. మేము మాటివ్వగలిగింది ఇంతవరకే: పోయిన మా మనిషి బిడ్డ ఏ తరగతిలో ఉంది, ఫీజు కట్టారా, రావలసిన స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు వెళ్లిందా అన్నది ఆ బిడ్డ డిగ్రీ పూర్తయ్యేదాకా మాలో ఒకరు ఏటా జూన్‌లో కనుక్కుంటారు. ఎవరు కనుక్కోవాలో పేరు రాసి ఉంటుంది. అతను వేరే ఊరు మారితే ఆ బాధ్యత ఇంకొకరి పేరు మీదికి మారుతుంది.

ఈ ప్రణాళికను ఒప్పుకున్నవారు చేయవలసిన మొదటి పని తమ సొంత ఇంట్లోనే ఉంది. పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ), డిశ్చార్జి బుక్కు, ఆధార్, పాసుబుక్కు బయటికి తీసి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు, తేదీలు సరిచూడాలి. తేడా ఉంటే ఈ నెలలోనే రికార్డ్స్ ఆఫీసుకు దరఖాస్తు పంపి, దాని నకలు, తన తర్వాత ఎవరిని పిలవాలో ఆ పేరు, ఫోన్ నంబరు ఆమె చేతికివ్వాలి.