ఆకుపచ్చ సీసా, అట్ట ప్యాకెట్టు: తాగే పద్ధతి మారితే విషం మారుతుందా?



ఉగాది పండుగకు మా తమ్ముని కుమారుడు బెంగుళూరు నుండి ఆస్పరికి వచ్చాడు. వస్తూ ఒక ఆకుపచ్చని సీసా, చిల్లులున్న చెంచా, చక్కెర బిళ్ళల డబ్బా వెంట తెచ్చాడు. రాత్రి మిద్దె మీద చాప పరచి, గాజుగ్లాసులో కొంచెం మద్యం పోసి, గ్లాసు అంచున చెంచా నిలిపి, దానిలో చక్కెర బిళ్ళ ఉంచి, పైనుండి మంచునీటిని చుక్కచుక్కగా వదిలాడు. ఆకుపచ్చని ద్రవం మెల్లగా పాలవలె తెల్లబడింది.

"చూడు పెద్దనాయనా, దీన్ని అబ్సింత్ అంటారు. మా నాయన మాదిరి ప్యాకెట్టు చింపి గుటుక్కున మింగేది కాదు. దీనికొక పద్ధతి ఉంది" అన్నాడు.

ఆ సమయంలో క్రింద అరుగు మీద మా తమ్ముడు మూడవ ప్యాకెట్టు ఖాళీ చేస్తున్నాడు. పండుగ పూట వాదన వద్దని నేను మౌనం వహించాను. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగా ఈ వ్యాసం వ్రాస్తున్నాను. తండ్రి తాగుడును ఏవగించుకొనే కుమారుడు, తన తాగుడును సంస్కారమని భావించడం ఈనాడు మన విద్యావంతుల ఇళ్ళలో తరచుగా కనబడుతున్న భ్రమ. ఆ భ్రమను ఖండించడమే నా ఉద్దేశం.

ఆ పద్ధతి వెనుక ఉన్నదేమిటి?

అబ్సింత్ అనేది వర్మ్‌వుడ్ అనే చేదు మూలిక, సోంపు జాతి గింజలు మొదలైన వాటిని మద్యంలో నానబెట్టి బట్టీ పట్టిన సారాయి. వర్మ్‌వుడ్ మనకు పూర్తిగా పరాయిది కాదు. వినాయక చవితి నాడు మొట్టమొదట సమర్పించే మాచిపత్రి, పూలమాలల్లో గుచ్చే దవనం కూడా ఆ ఆర్టెమీసియా కుటుంబంలోనివే. 18వ శతాబ్దం చివర స్విట్జర్లాండులో ఇది ఔషధంగా పుట్టింది. 1840 ప్రాంతంలో అల్జీరియాలో పోరాడిన ఫ్రెంచి సైనికులకు జ్వరాలు రాకుండా దీనిని ఇచ్చారు. సైనికులు ఆ రుచిని ఇంటికి తీసుకుపోయారు. ద్రాక్షతోటలకు తెగులు సోకి ద్రాక్షసారాయి ప్రియం కాగా, అబ్సింత్ చౌక అయింది. ఔషధమన్న పేరుతో ఇంట ప్రవేశించి వ్యసనమై స్థిరపడడం మద్యానికి పాత విద్యయే.

ఇందులో మద్యసారం 45 నుండి 74 శాతం వరకు ఉంటుంది. అంతటి గాఢత గొంతును మండిస్తుంది కనుక నీళ్ళు కలపవలసి వచ్చింది, చేదుగా ఉంటుంది కనుక చక్కెర కావలసి వచ్చింది. సోంపులోని నూనె మద్యంలో కరుగుతుంది, నీటిలో కరగదు. నీరు చేరగానే అది సూక్ష్మబిందువులుగా విడివడి ద్రవం తెల్లబడుతుంది. అందులో మహిమ ఏమీ లేదు. ఒక వంతు మద్యానికి మూడు నుండి ఐదు వంతుల నీరు కలపడం సంప్రదాయం. చక్కెర బిళ్ళను మద్యంలో ముంచి నిప్పంటించే తంతు మాత్రం 1990 దశకంలో చెక్ దేశపు మద్యశాలలు పర్యాటకుల కోసం పుట్టించినది. దానివల్ల చేతులు, ముఖం కాలే ప్రమాదం అదనం. చిత్రకారుడు టులూజ్ లోట్రెక్ అబ్సింత్‌లో కోనియాక్ బ్రాందీ కలిపి 'భూకంపం' అని పేరు పెట్టాడు. రచయిత హెమింగ్వే షాంపేను కలిపి 'మధ్యాహ్నపు మరణం' అన్నాడు. మద్యానికి మద్యం తోడుచేసి తాగేవారు తమ పానీయాలకు ఎంత సత్యమైన పేర్లు పెట్టారో గమనించండి.

ఈ పద్ధతులన్నింటిలో వైద్యునికి కనబడేది ఒక్కటే. నీళ్ళు కలిపితే మద్యం గాఢత తగ్గుతుంది, మొత్తం తగ్గదు. చక్కెర, చల్లదనం, సుగంధం కలిసి శరీరం చేసే హెచ్చరికను నోరు మూయిస్తాయి. గొంతు మండకపోతే రెండవ గ్లాసు సులభమవుతుంది. అంతకు మించి ఆ చెంచా చేసే ఉపకారం లేదు.

మూలికకు శిక్ష పడింది, మద్యం తప్పించుకుంది

1905 ఆగస్టులో స్విట్జర్లాండులోని కొమ్యూనీ గ్రామంలో ఝాన్ లాన్‌ఫ్రే అనే కూలీ గర్భవతియైన భార్యను, ఇద్దరు చిన్న కుమార్తెలను కాల్చి చంపాడు. ఆనాడు అతడు తాగిన అబ్సింత్ రెండు గ్లాసులు మాత్రమే. దానితోపాటు లీటర్లకొద్దీ ద్రాక్షసారాయి, బ్రాందీ తాగాడు. ప్రజలు మాత్రం నేరమంతా అబ్సింత్‌పై మోపారు. 1908లో స్విస్ ప్రజలు ఓటు వేసి నిషేధం కోరారు, 1910లో అది అమలయింది. ఫ్రాన్సు 1915లో నిషేధించింది. ద్రాక్షసారాయికి మాత్రం ఏ ఆటంకమూ కలగలేదు.

వర్మ్‌వుడ్‌లోని థుజోన్ అనే పదార్థం మతి చెడగొడుతుందని ఆనాటి వైద్యులు చెప్పారు. అధికమోతాదులో థుజోన్ మూర్ఛ తెప్పించగలదన్నది నిజం. అయితే నిషేధానికి పూర్వపు పాత సీసాలలోని ద్రవాన్ని 2008లో శాస్త్రజ్ఞులు పరీక్షించగా, ఆ తాగుబోతుల రోగాలకు కారణం కాగలిగినంత థుజోన్ వాటిలో కనబడలేదు. పుష్కలంగా ఉన్నది మద్యసారమే. చౌకరకాలలో రంగు కోసం రాగి లవణాలను, తెల్లదనం కోసం ఆంటిమొనీ లవణాలను కలిపిన దుర్మార్గం కూడా ఉండేది.

మా అబ్బాయి ఈ పరిశోధనను నాకు ఫోనులో చూపి, "సైన్సే నిర్దోషి అని తేల్చింది" అన్నాడు. నిర్దోషిగా తేలినది మూలిక. మూలిక నిర్దోషి అయితే ఆ రోగాలకు కారణమెవరు? గ్లాసులో ముద్దాయిగా మిగిలినది మద్యసారం ఒక్కటే కదా! ఈ తీర్పును మద్యానికి అనుకూలంగా చదవడం చదువుకున్నవారు చేయదగిన పని కాదు.

మన సీమలో మన చెంచాలు

ఇదే తప్పు మనమూ చేస్తున్నాము. మన పశ్చిమ కర్నూలులో నాటుసారాకు తుమ్మచెక్క వేస్తే 'మందు గుణం' వస్తుందని నమ్మేవారు నేటికీ ఉన్నారు. బెల్లపు ఊటలో నవసారం, యూరియా వేసేవారూ ఉన్నారు. ఈతకల్లు 'చలువ' అంటారు. తాజాకల్లులోనూ నాలుగైదు శాతం మద్యసారం ఉంటుంది. కల్తీకల్లులోనైతే క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు చేరుతాయి. తెలంగాణలో 2015లో కల్తీకల్లుపై దాడులు జరిగి సరఫరా నిలిచినప్పుడు, అలవాటుపడినవారు వింతగా ప్రవర్తిస్తూ, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. తాము తాగుతున్నది కల్లు మాత్రమే కాదని వారికి అప్పటివరకు తెలియదు.

మరి, వేయించిన బుడ్డలు నంజుకుంటే అంటదని, మజ్జిగ తాగితే దిగిపోతుందని, సోడా కలిపితే కాలేయానికి మంచిదని చెప్పే మాటలున్నాయి. కడుపులో ఆహారముంటే మద్యం రక్తంలో నెమ్మదిగా చేరుతుంది, చేరకుండా పోదు. మజ్జిగ కాలేయం పనిని వేగిరపరచదు. సోడా కాలేయాన్ని కాపాడదు, కొందరిలో మద్యాన్ని మరింత త్వరగా రక్తంలోకి చేరుస్తుంది. ఇవన్నీ మన చిల్లుల చెంచాలు.

ఇక మా అబ్బాయి ఏవగించుకొన్న టెట్రా ప్యాకెట్టు లెక్క చూద్దాము. కర్ణాటక సరిహద్దు దాటి మన గ్రామాలకు వచ్చే 90 మిల్లీలీటర్ల ప్యాకెట్టులో 42.8 శాతం మద్యసారం, అనగా సుమారు 30 గ్రాములు ఉంటుంది. 68 శాతం గాఢత గల అబ్సింత్ 30 మిల్లీలీటర్లలో సుమారు 16 గ్రాములు. తండ్రి ప్యాకెట్టు ఒకటి కుమారుని గ్లాసులు రెండింటికి దాదాపు సమానం. ఆ రాత్రి తండ్రి మూడు ప్యాకెట్లు, కుమారుడు ఐదు గ్లాసులు తాగారు. తండ్రికి 90 గ్రాములు, కుమారునికి 80 గ్రాములు! ఇద్దరి కాలేయాలూ గంటకు ఏడు నుండి పది గ్రాములు మాత్రమే విరుగగొట్టగలవు. మరునాటి ఉదయం కారు తోలుకొని బెంగుళూరు బయలుదేరిన కుమారుని రక్తంలో ఇంకా మద్యం ఉండి ఉండవచ్చు. తండ్రి పొలానికి నడచిపోయాడు. ఇద్దరిలో ఇతరులకు ఎక్కువ ప్రమాదకారి ఎవరో మీరే చెప్పండి.

'మంచి సరుకు' అనే మాయమాట

'కల్తీ లేని మంచి సరుకైతే ఫరవాలేదు' అన్నది మరొక వాదం. కల్తీ ఘోరమే, కాదనను. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూతపడిన వేళ శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించారు. ఇటువంటి ద్రవాలలో మిథనాల్ ఉండే ప్రమాదముంది. మిథనాల్‌ను కాలేయం ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది కంటినరాన్ని కాల్చివేస్తుంది. తాగిన తరువాత పన్నెండు మొదలు ఇరవై నాలుగు గంటల వరకు అంతా బాగున్నట్లే ఉండి, పిమ్మట చూపు మంచు కురిసినట్లు తెల్లబడుతుంది. ఆ మాట రోగి నోట వస్తే క్షణం ఆలస్యం చేయక 108కు ఫోను చేసి, డయాలిసిస్ వసతి గల పెద్దాసుపత్రికి చేర్చండి.

అయితే కల్తీ వేగంగా చంపుతుంది, అసలు సరుకు నిదానంగా చంపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మద్య పానీయాలను 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మద్యానికి సురక్షిత మోతాదు లేదని ఆ సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. ఆ మాటలో నాటు, నాణ్యం అన్న భేదం లేదు.

మన రాజకీయాలు మాత్రం నాణ్యత చుట్టూనే తిరుగుతున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రోడ్డెక్కినప్పుడు వారు మంచి సారా కావాలని అడగలేదు. వారి పోరాట ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం తొలగింది. 2020 మేలో ధరలు 75 శాతం పెంచినప్పుడు తాగుడు మానవలసినవారు సరిహద్దు ప్యాకెట్లకు మళ్ళారు. 2024 అక్టోబరులో 99 రూపాయలకు క్వార్టరు 'నాణ్యమైన మద్యం' పేరిట వచ్చింది. ఒక పక్షం బ్రాండ్లను మరొక పక్షం తిడుతుంది. సుగ్గికి వలసపోయి తెచ్చిన కూలిడబ్బు ఏ బ్రాండుకు పోయినా ఆ ఇంటి ఆడబిడ్డకు నష్టం ఒక్కటే.

'నిషేధం ఫలించదని మీరే చెబుతున్నారు కదా' అని అడుగుతారు. ఒక పేరును నిషేధించి మరొక పేరును అమ్మితే ఫలించదు. ఫ్రాన్సులో అబ్సింత్ పోయి, అదే సోంపు రుచితో పాస్టిస్ వచ్చింది. నిషేధంతోపాటుగానైనా, నిషేధం లేకున్నా, వ్యసనపరునికి చికిత్స కావాలి. మన చర్చలో లేనిది అదే.

చేయవలసినది

చాలా ఏళ్ళ క్రితం టమాటా లారీ మీద నుండి పడి కాలు విరిగిన ఒక కూలీని చూశాను. మూడవ నాడు అతడు దుప్పటి మీద చీమలను ఏరుతున్నట్లు చేతులు ఆడిస్తూ, కేకలు పెట్టాడు. గాలి సోకిందని బంధువులు తాయెత్తు తెచ్చారు. అది గాలి కాదు. రోజూ తాగే మనిషికి మద్యం అకస్మాత్తుగా నిలిచిపోయినందువలన కలిగిన మతిభ్రమ. మత్తు విరుగుడు ఇంజెక్షన్లు, బి1 విటమిను ఇచ్చాము. ఐదవ నాడు కూతురిని పేరు పెట్టి పిలిచాడు. కాలు విరిగింది కనుక మా దృష్టికి వచ్చాడు. ఇంట్లోనే పంతానికి మానివేసి ప్రాణం మీదకు తెచ్చుకొన్నవారి లెక్క ఎవరు వ్రాశారు?

కనుక నా మాటలు నాలుగు.

1. ప్రతిరోజు అధికంగా తాగేవారు హఠాత్తుగా, ఒంటరిగా మానవద్దు. చేతుల వణుకు మొదటి రోజునే, మూర్ఛలు ఒకటి రెండు రోజులలో, మతిభ్రమ రెండు మూడు రోజులలో రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో మానండి.

2. శస్త్రచికిత్సకో, ప్రమాదం తరువాతో ఆసుపత్రిలో చేరినప్పుడు తాగుడు అలవాటును దాచవద్దు. ఆ దాపరికమే ప్రాణాంతకం.

3. మత్తు మానడానికి జాతీయ ఉచిత సహాయవాణి 14446, మనోవ్యథకు టెలీ మానస్ 14416. సిగ్గుపడక ఫోను చేయండి.

4. పిల్లల ఎదుట తాగే పద్ధతులను కళగా ప్రదర్శించవద్దు. మద్యం పట్ల వారి మొదటి అభిప్రాయం అక్కడే ఏర్పడుతుంది.

చివరగా మా అబ్బాయికి. నాయనా, నీ తండ్రికి నీవు నేర్పవలసినది గ్లాసు పట్టుకొనే తీరు కాదు. అతని తాగుడును చూసి సిగ్గుపడిన నీ కళ్ళతోనే నీ గ్లాసును కూడా ఒకసారి చూడు. వచ్చే పండుగకు సీసా తేవద్దు, నాలుగు రోజుల సెలవు తీసుకొని రా. తండ్రిని వెంటబెట్టుకొని కర్నూలు పెద్దాసుపత్రికి పోదాము. ఆ చీటీలో అతని పేరుతోపాటు నీ పేరు కూడా వ్రాయించుకో. మీ ఇద్దరికీ తోడుగా నేనొస్తాను.