క్వార్టర్‌బ్యాకుల తారతమ్యము

ఫుట్‌బాలనగానే మన బాలురకు కాలితో తన్నెడి గుండ్రని బంతి జ్ఞప్తికి వచ్చును. అమెరికావారు ఆ పేరుతో ఆడు ఆట వేఱు. అందు కోలబంతిని చేతబట్టి పరుగిడవచ్చును, ముందునకు విసరవచ్చును. పక్షమునకు పదునొకండ్రు. వారిలో బంతిని చేకొని, దానిని ఎవరికీయవలెనో, ఎవరికి విసరవలెనో రెప్పపాటులో నిశ్చయించువాడు క్వార్టర్‌బ్యాకు. సర్వకాలములయందును శ్రేష్ఠుడైన క్వార్టర్‌బ్యాకు ఎవడను వాదము ఆ దేశమున ఎడతెగకున్నది. ఆ వాదమునకంటె, దానిని తీర్చు పద్ధతియే ముఖ్యమని మా అభిప్రాయము.

అంకెలను మాత్రమే చూచినచో తీర్పు సులభము. 2013లో పేటన్ మానింగు ఒక్క యేటి పోటీలలో 5,477 గజములు విసరెను. 1967లో జో నామత్ విసరినవి 4,007 గజములే. అయినను వృత్తిగా ఆడువారిలో నాలుగువేలు దాటిన మొదటివాడు అతడే. నామత్ కాలమున ఏటికి 14 ఆటలు, మానింగునకు 16. అంతకన్న పెద్ద భేదము నిబంధనలయందున్నది. బంతిని ముందునకు విసరుటకు 1906 వఱకు అనుమతియే లేదు. బంతిని అందుకొనబోవువానిని అయిదు గజములకావల ఎదుటివారు నెట్టరాదని జాతీయ లీగువారు 1978లో నియమించిరి. నాటినుండి విసరువాని పని తేలికయయ్యెను.

ప్రశ్నపత్రము కఠినమైన యేట 60 మార్కులతో ప్రథముడైన బాలుని, సులభమైన యేట 80 మార్కులతో పదియవవాడైన బాలునికంటె తక్కువవాడని ఏ ఉపాధ్యాయుడును అనడు. అట్లే ప్రతి క్వార్టర్‌బ్యాకును వాని కాలపు నిబంధనలతోడను, వాని తోడివారితోడను పోల్చి చూడవలెను.

అట్లు చూచినచో పూర్వుల ఘనత బయలుపడును. వాషింగ్టను జట్టువాడైన సామ్మీ బా 1943లో బంతి విసరుటయందును, కాలితో దూరము తన్నుటయందును, ఎదుటివారు విసరినదానిని నడుమ పట్టుటయందును లీగున ప్రథముడయ్యెను. 1945లో ఆతడు విసరిన 182 బంతులలో 128 చేరవలసినవారి చేతికి చేరెను; నూటికి 70.3 వంతున ఉన్న ఆ లెక్కను 1982 వఱకు ఎవ్వరును మించలేదు. ఓటో గ్రాహము ఆడినది పది యేండ్లు. పది యేండ్లును తన జట్టును తుది పోటీకి చేర్చి, ఏడు మారులు గెలిపించెను. జానీ యునైటస్ 1956 మొదలు 1960 వఱకు వరుసగా 47 ఆటలలో, ఆటకొక్కటియైనను తప్పక, టచ్‌డౌను విసరెను. అది 2012 వఱకు చెక్కుచెదరక నిలిచెను.

నేటివారు దేహబలమునను శిక్షణయందును మిన్నయని కొందఱందురు. నిజమే. కాని నాటివారికి నేటి శిక్షణ దొరకియుండిన ఏమగునో, నేటివారికి నాటి నిబంధనలు వర్తించియుండిన ఏమగునో చెప్పగలవారెవరు? ఊహపై తీర్పు నిలువదు.

అయితే తోడివారితో పోల్చుటకు ముందు, ఆ తోడివారెవరని అడుగవలసియున్నది. 1943లో ఆటగాండ్రనేకులు యుద్ధమునకు పోగా, మిగిలినవారు చాలక పిట్స్‌బర్గు, ఫిలడెల్ఫియా జట్లు ఒక్కటిగా కలిసి ఆడెను. 1934 మొదలు 1945 వఱకు ఆ లీగునందు నల్లజాతివాడు ఒక్కడైనను లేడు. వాషింగ్టను జట్టు 1962 వఱకు వారిని చేర్చుకొనలేదు. ఇతర స్థానములకు రానిచ్చిన పిమ్మటకూడ క్వార్టర్‌బ్యాకు స్థానము వారికి దాదాపు మూసిన తలుపే. మార్లిన్ బ్రిస్కో 1968లో డెన్వరునకు ఆడి, మొదటి యేటనే 14 టచ్‌డౌనులు విసరెను; మఱుసటి యేడు అతనికి ఆ స్థానము దక్కలేదు, వేఱొక జట్టున బంతినందుకొనువాడయ్యెను. 1978లో వారెన్ మూనును ఏ జట్టును ఎన్నుకొనలేదు. ఆతడు కెనడాకేగి, ఎడ్మంటను జట్టుతో వరుసగా అయిదేండ్లు అచ్చటి కప్పును గెలిచి, 1984లో మరలివచ్చెను. 1988 జనవరిలో డగ్ విలియమ్స్ 340 గజములు విసరి, వాషింగ్టను జట్టునకే సూపర్ బౌలు అను తుది పోటీని గెలిచి పెట్టెను. అట్లు గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాకు అతడు.

మా తీర్పు అడిగినచో, విజయములయందు ఏడు సూపర్ బౌలులు గెలిచిన టామ్ బ్రాడీకి సాటి లేడు. తన కాలమును మించుటయందు యునైటస్‌కు అగ్రస్థానమీయవలెను. ఆతని లెక్క యుద్ధకాలపుది కాదు, 1978 నాటి సౌకర్యముతో పుట్టినదియు కాదు. కాని ఆ కిరీటమునందును ఒక కొఱత ఉన్నది. ఆతనితో పోటీ పడదగినవారిలో ఎందఱో ఆ స్థానమున నిలువనేలేదు. అది యునైటస్ దోషము కాదు. లెక్కలు వ్రాసినవారు మఱువరాని సంగతి.

కావున విద్యార్థులారా, ఒకనిని మఱియొకనితో తూచునపుడు మూడు ప్రశ్నలు వేయుడు: నిబంధనలేవి? తోడివారెవరు? వాకిటనే నిలిపివేయబడినవారెవరు? తలిదండ్రులును, అన్నను చూపి తమ్ముని నిందింపకమునుపు, ఈ ప్రశ్నలను తమలో తాము వేసికొందురుగాక.