పి.ఎల్.సి. శిక్షణా భారం యాజమాన్యాలే భరించాలి

ఢిల్లీ పరిసర పారిశ్రామిక ప్రాంతాలైన ఫరీదాబాద్, నోయిడా, సాహిబాబాద్, గురుగ్రామ్, మనేసర్‌లలో నేడు కార్మికునికి ఒకే హితబోధ వినవస్తున్నది: "ఆటోమేషన్ వచ్చింది; పి.ఎల్.సి. నేర్చుకో, లేదా దారి చూసుకో." యాజమాన్యాలు ఈ మాట అంటున్నాయి, ప్రైవేటు శిక్షణా సంస్థలు ఇదే మాటతో వ్యాపారం చేసుకుంటున్నాయి. షిఫ్టు ముగించుకొని, అప్పు చేసి ఫీజు కట్టి, సాయంత్రపు తరగతులలో కూర్చుంటున్న ఎలక్ట్రీషియన్లను, ఫిట్టర్లను మేము ఎరుగుదుము. వారి పట్టుదలను అభినందిస్తున్నాము. ఆ భారాన్ని వారి నెత్తిన రుద్దిన విధానాన్ని ఖండిస్తున్నాము.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. పూర్వం యంత్రాన్ని నడిపే ప్యానెల్‌లో అనేక రిలేలు, టైమర్లు, వాటిని కలిపే వైర్లు ఉండేవి. కారు మోడల్ మారినప్పుడల్లా ఆ వైరింగు మార్చవలసి వచ్చేది. ఈ చిక్కును తప్పించుటకై అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1968లో కోరిన నియంత్రణ సాధనమే మరుసటి ఏడు మోడికాన్ 084 పేరుతో వెలువడింది. సెన్సార్లు, స్విచ్‌ల సంకేతాలను చదివి, మెమరీలోని ప్రోగ్రాము ప్రకారం మోటార్లను, వాల్వులను నడపడమే దాని పని. ఆ ప్రోగ్రామును నిచ్చెన మెట్ల రూపంలో, అనగా లాడర్ డయాగ్రమ్‌గా, ఎందుకు తీర్చిదిద్దారు? రిలే సర్క్యూట్లు చదవగల ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ దీనినీ చదవగలగాలని! కనుక ఇరవై ఏళ్లు రిలేలతో, కాంటాక్టర్లతో పనిచేసిన కార్మికుడు కొత్త సాంకేతికతకు పనికిరాడనడం పచ్చి అబద్ధం. అతని అనుభవమే ఈ పరికరానికి పునాది.

మరి అతనిని దూరంగా ఉంచుతున్నదేమిటి? అనేక చోట్ల ప్రోగ్రాముకు పాస్‌వర్డు వేసి ఉంటుంది. ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేరు లైసెన్సు ఇంజనీరు చేతిలోనో, యంత్రం అమర్చిన బయటి కంపెనీ చేతిలోనో ఉంటాయి. లైను ఆగితే ఏ సెన్సారు చెడిందో వెతికి పట్టుకొనేది కార్మికుడే. ప్రోగ్రాము తెరచి చూసే హక్కు మాత్రం అతనికి లేదు. సొంత ఖర్చుతో సర్టిఫికెట్ తెచ్చుకున్నా అదే గ్రేడు, అదే వేతనం. వేరొక చోట ఉద్యోగానికి పోతే "అనుభవమేది?" అని ప్రశ్న. అనుభవం కర్మాగారంలోనే లభిస్తుంది. దాని తలుపు మూసిన వర్గమే అనుభవం అడుగుతున్నది.

నేర్చుకున్నవానికే లాభం గనుక ఖర్చు అతనిదేనని యాజమాన్యాల వాదన. యంత్రం కొన్న ధర, అమర్చిన కూలి కంపెనీ ఖర్చులోనే వ్రాసుకుంటారు. ఆ యంత్రాన్ని మనిషి నేర్చుకొనే ఖర్చు మాత్రం కార్మికుని ఇంటి బడ్జెట్టులో పడాలట! పెరిగిన ఉత్పత్తి కంపెనీది, ఫీజు కార్మికునిదా?

ప్రభుత్వం ఏ పక్షాన నిలిచిందో చట్టమే చెబుతున్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, రిట్రెంచ్ అయిన కార్మికుని పునఃశిక్షణ నిధికి యజమాని 15 రోజుల వేతనం చెల్లించాలన్నది. ఉద్యోగం ఊడిన తరువాత పదిహేను రోజుల వేతనం! నిర్ణీత కాలపు నియామకం గడువు తీరి వెళ్లిపోయేవానిని చట్టం రిట్రెంచ్ అయినట్లే లెక్కించదు గనుక, అతనికి అదీ దక్కదు. రిట్రెంచ్‌మెంటుకు ముందు ప్రభుత్వ అనుమతి కావలసిన కర్మాగారాల పరిమితిని సైతం 100 మంది నుండి 300కు పెంచారు.

మేము యంత్రాలకు శత్రువులము కాము. 1983లో బ్యాంకు ఉద్యోగ సంఘాలు యంత్రాల ప్రవేశాన్ని యాజమాన్యాల ఇష్టానికి వదలక, ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌తో ఒప్పందం చేసుకొని నిబంధనలకు లోబరచాయి. కర్మాగారాలలో మనం పట్టవలసిన మార్గమూ అదే. కనుక మా డిమాండ్లు ఇవి:

1. పి.ఎల్.సి. శిక్షణ పని గంటలలో, పూర్తి వేతనంతో, కంపెనీ ఖర్చుతో జరగాలి. కాంట్రాక్టు కార్మికులకూ అందులో చోటుండాలి.

2. శిక్షణ పొందిన కార్మికునికి ఉన్నత గ్రేడు, దానికి తగిన వేతనం ఇవ్వాలి. ప్రోగ్రామును చూచి లోపం కనిపెట్టే అవకాశం మెయింటెనెన్స్ సిబ్బందికి కల్పించాలి.

3. ఆటోమేషన్ పేరిట ఒక్క ఉద్యోగమూ పోరాదు. రిట్రెంచ్‌మెంటుకు దారితీయగల యాంత్రిక మార్పులకు చట్టం నిర్దేశించిన 21 రోజుల నోటీసును అమలు జరపాలి.

ఇది ఢిల్లీ వారి సమస్య అని మన తెలుగు కార్మికులు ఉపేక్షించరాదు. పెనుకొండలో, శ్రీసిటీలో, పాశమైలారంలో మన యువకులు నిలబడిన లైన్లనూ ఇవే కంట్రోలర్లు నడుపుతున్నాయి. యంత్రం బిగించిన తరువాత మేల్కొంటే మిగిలేది నోటీసు కాగితమే. యంత్రానికి ఆర్డరు వెళ్లిన నాడే శిక్షణ, గ్రేడు, ఉద్యోగ భద్రతలను కోర్కెల పత్రంలో చేర్చి చర్చలకు పట్టుబట్టవలసిందిగా మన యూనియన్లన్నింటికీ పిలుపునిస్తున్నాము.