పడవను లాగే బండి దిగుడులో ఆగాలి

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఊరు మాత్రం ఎప్పటిలాగే గుట్టల మీద ఉంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన మత్స్యకార కుటుంబాలకు ఆ ఎగుడుదిగుళ్లు కొత్త కాదు. గోల్ ఘర్‌లో మరమ్మతు చేసిన ఫైబర్ పడవను ట్రెయిలర్ మీద పెట్టి, పికప్‌తో జంగ్లీఘాట్ రేవుకు తీసుకెళ్లాలి అనుకోండి. బండి 1500 కిలోలు లాగగలదని కంపెనీ చెప్పింది. పడవ బరువు 800 కిలోలు. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు.

ట్రెయిలర్ ఒక్కటే 350 కిలోలు ఉండొచ్చు. ఇంజను 100, ఐసు 300, రెండు వందల లీటర్ల డీజిల్ మరో 165. మొత్తం 1715. వలలు ఇంకా ఎక్కనే లేదు!

చదునైన రోడ్డు మీద ఈ తేడా తెలియదు, అసలు చిక్కు అదే. మనుషులతో కలిపి పికప్ 2000 కిలోలు అనుకుంటే మొత్తం 3715. చదునులో దీన్ని నడపడానికి దాదాపు 55 కిలోల బలం చాలు. పది అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తులో సుమారు 425 కావాలి, అంటే ఏడున్నర రెట్లు. దిగేటప్పుడు బ్రేకులు లేని ట్రెయిలర్ పికప్‌ను వెనకనుంచి దాదాపు 145 కిలోల బలంతో తోస్తుంది. ముప్పై మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడి మూడున్నర లీటర్ల నీళ్లను మరిగించగలదు. ఇంజను కొంత ఆపినా మిగిలిందంతా పికప్ బ్రేకులే మోయాలి. అందుకే ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. ఇది ఖర్చు తగ్గించుకునే చోటు కాదు.

బరువు ఎంతో తెలిస్తే చాలదు, ఎక్కడ ఉందో కూడా చూడాలి. ట్రెయిలర్ బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా కొక్కెం మీద పడాలన్నది ప్రయాణ ట్రెయిలర్లకు వాడే సాధారణ సూత్రం. అంతకన్నా తగ్గితే వేగంలో ట్రెయిలర్ తోక ఊపినట్టు అటూఇటూ ఊగుతుంది. పడవకు ఇంజను వెనకే ఉంటుంది కాబట్టి ఈ తప్పు తేలిగ్గా జరుగుతుంది. కొక్కెం మీద పడిన బరువును పికప్ మోయగలిగే బరువులోంచి తీసేయాలన్న సంగతీ చాలామంది మరిచిపోతారు.

అధిక బరువుకు 2019 నుంచి చట్టం 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి టన్నుకు 2,000 వేస్తోంది. ఆ భయం కన్నా రేవుకు దగ్గర్లో ఒక వేబ్రిడ్జి ఎక్కువ మేలు చేస్తుంది. ట్రెయిలర్ పక్కన ఖాళీ బరువు, గరిష్ఠ బరువు పెద్ద అక్షరాల్లో రాయించడానికి డబ్బా రంగు చాలు. ఈలోగా ఐసూ డీజిలూ రేవులోనే ఎక్కిస్తే 465 కిలోలు తగ్గి, లాగే బరువు 1250కి వస్తుంది.