సీటు వచ్చాక కాదు, ముందే వేయాల్సిన లెక్క

ఈ పేజీ చదివేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లే. మెడికల్ సీటు ఫీజుల గొడవ మాకెందుకు అనిపించొచ్చు. కానీ గోరంట్ల, పెనుకొండ, హిందూపురం వైపు చాలా ఇళ్లలో కనిపించేది ఇదే: పెద్దవాళ్లు బీటెక్కో డిగ్రీయో పూర్తిచేసి బెంగళూరులో ఇంటర్వ్యూలకి తిరుగుతుంటారు, చెల్లెలో తమ్ముడో నీట్ రాసి ర్యాంకు కోసం ఎదురుచూస్తుంటారు. ర్యాంకు వచ్చిన రోజు నుంచి అమ్మానాన్నలు చూసేది మీ వైపే. వెబ్‌సైట్ తెరిచేది మీరు, అప్లికేషన్ నింపేది మీరు, బ్యాంకు మేనేజరుతో మాట్లాడేది మీరు. ఎడ్యుకేషన్ లోన్ కాగితాల మీద సంతకం పెట్టమని అడిగేదీ చాలాసార్లు మిమ్మల్నే. కాబట్టి ఇది మీ సంగతి కూడా.

అసలు విషయం ఒక్కటే. మెడిసిన్ చదువుకి ఆర్థిక సాయం దొరుకుతుందా లేదా అన్నది చాలావరకు సాయానికి అప్లై చేసిన రోజు తేలదు. కౌన్సెలింగ్‌లో ఏ కోటా సీటు ఎంచుకున్నామో ఆ రోజే తేలిపోతుంది. మన ఇళ్లలో మాత్రం ముందు సీటు, తర్వాత డబ్బు అన్న వరసలో ఆలోచిస్తాం. "సీటు రానీ, ఏదో ఒకటి చేద్దాంలే" అంటాం. ఆ "ఏదో ఒకటి" చివరికి పొలం అమ్మకమో, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పో అవుతోంది.

ఒకే తరగతి, మూడు ఫీజులు

2023లో రాష్ట్రంలో ఐదు కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి: విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల. కొత్త కాలేజీల కోసం అదే ఏడాది వచ్చిన 107, 108 జీవోలు సీట్లని మూడు వాటాలు చేశాయి. అఖిల భారత కోటాకి పోగా మిగిలిన వాటిలో సగం జనరల్ సీట్లు, ఏడాదికి ఫీజు 15 వేలు. 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు, ఏడాదికి 12 లక్షలు. 15 శాతం ఎన్నారై సీట్లు, ఏడాదికి 20 లక్షలు. ప్రైవేటు కాలేజీల్లో ఈ మూడు వరసలు అంతకుముందు నుంచే ఉన్నాయి. 2020లో ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజులు ఏ కేటగిరీకి 15 వేలు, బీ కేటగిరీకి 12 లక్షలు, సీ కేటగిరీకి 36 లక్షలు. తర్వాత ఇవి పెరిగాయి కూడా.

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. ఇంటర్న్‌షిప్ వదిలేసి నాలుగున్నరేళ్ల చదువుకే లెక్కేసినా, 15 వేల సీటుకి మొత్తం 67,500 రూపాయలు. 12 లక్షల సీటుకి 54 లక్షలు. అంటే 80 రెట్లు. అదే తరగతి గది, అదే ప్రొఫెసర్, అదే డిగ్రీ.

రీయింబర్స్‌మెంట్ ఎవరికి?

ఇక్కడే చాలామంది పొరబడతారు. "ప్రభుత్వ కాలేజీయే కదా, రీయింబర్స్‌మెంట్ వస్తుందిలే" అనుకుంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాకి లేదు. సెల్ఫ్ ఫైనాన్స్ అన్న మాటలోనే దాని అర్థం ఉంది: నీ డబ్బు నువ్వే తెచ్చుకో అని. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు వస్తే ప్రభుత్వ సాయం అడగొచ్చు, ప్రభుత్వ కాలేజీలో సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వస్తే అడగలేం. కాలేజీ బోర్డు మీద ఏముందో కాదు, అలాట్‌మెంట్ ఆర్డర్‌లో ఏ కేటగిరీ అని ఉందో చూడండి.

ఇంకో పొరపాటు దీనికి రివర్స్. "మాకు భూమి ఉంది, మాకేం వస్తుంది" అని అసలు అప్లికేషనే పెట్టనివాళ్లున్నారు. 2019లో విద్యా దీవెనకి రాసిన నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి. భూమి అయితే మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాల లోపు. మన దగ్గర చెనక్కాయ వేసే ఏడెనిమిది ఎకరాల మెట్ట రైతు ఆ గీతకి ఎంతో కింద ఉంటాడు. ట్రాక్టర్, ఆటో ఉన్నా అడ్డు కాదు, సొంత కారు ఉంటేనే చిక్కు. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, డబ్బు తల్లి ఖాతాలో వేయాలా కాలేజీకే పంపాలా అన్నదీ మారుతుంది. కాబట్టి ఈ ఏడాది జీవోలో ఏముందో సచివాలయంలో అడిగి, జ్ఞానభూమి పోర్టల్‌లో సరిచూసుకోండి. వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్ నమ్మకండి.

అలాగని ఏడెనిమిది ఎకరాలు అన్నిచోట్లా ఒకేలా చెల్లవు. అఖిల భారత కోటాలో ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కి కేంద్రం నిబంధన వేరు: ఆదాయం 8 లక్షల లోపు ఉన్నా, కుటుంబానికి 5 ఎకరాలు లేదా అంతకు మించి సాగుభూమి ఉంటే అర్హత లేదు. మెట్టా మాగాణీ అన్న తేడా అక్కడ లేదు. ఒకే పాస్‌బుక్ ఒకచోట తలుపు తెరుస్తుంది, ఇంకోచోట మూస్తుంది.

లోన్ దగ్గర అసలు పరీక్ష

బ్యాంకులు మామూలుగా పాటించే ఐబీఏ మోడల్ స్కీమ్‌లో 4 లక్షల దాకా తాకట్టు అడగరు. 4 నుంచి 7.5 లక్షల దాకా మూడో వ్యక్తి హామీ అడగొచ్చు. 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలి. 15 వేల సీటు వచ్చినవాళ్లకి హాస్టల్, పుస్తకాల ఖర్చు మొదటి వరసలోనే సర్దుకుపోతుంది. 54 లక్షల సీటుకి తాకట్టు తప్పదు.

తాకట్టు అనగానే మనకి గుర్తొచ్చేది పొలం. కానీ లోన్ కట్టకపోతే తాకట్టు ఆస్తిని కోర్టుకి వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు. అందుకే పొలం కాగితాలు చూపిస్తే బ్యాంకులు వెనకాడతాయి, టౌన్‌లో ఇల్లో సైటో ఉందా అని అడుగుతాయి. అంటే పదెకరాలున్న రైతు కంటే హిందూపురంలో చిన్న సైటున్నవాడికి లోన్ తేలిక. ఈ సంగతి సీటు వచ్చాక, ఫీజు కట్టడానికి వారం గడువున్నప్పుడు తెలిస్తే పొలం అమ్మడం తప్ప దారి ఉండదు. తొందరలో అమ్మే పొలానికి ధర ఎవడిస్తాడు?

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. తాకట్టు లేదు, హామీదారు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా లోన్ మీద, చదువు కాలానికి, అర్హుల్లో ఏటా లక్షమందికి 3 శాతం వడ్డీ రాయితీ. ఆదాయం 4.5 లక్షల లోపున్నవాళ్లకి వృత్తి విద్యా కోర్సుల్లో ఆ కాలపు వడ్డీ మొత్తం మాఫీ చేసే ఏర్పాటూ ఉంది. మంచి పథకమే. కాకపోతే రెండు మెలికలు: కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి (మొదట్లో 860 సంస్థలు పెట్టారు), సీటు మెరిట్ మీద వచ్చి ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాకి ఇది లేదు. మళ్లీ అదే కథ. ఏ తలుపు తట్టినా ముందు అడిగేది "ఏ కోటా?" అనే.

ఇప్పుడు మీ సంతకం గురించి. 54 లక్షలు 10 శాతం వడ్డీకి, 15 ఏళ్ల వాయిదాలకి తీసుకున్నామనుకోండి. నెలకి ఈఎంఐ సుమారు 58 వేలు. చదువు కాలంలో పేరుకున్న వడ్డీ దీనికి అదనం. వాయిదాలు కోర్సు అయిపోయిన ఏడాదికి మొదలవుతాయి. అప్పటికి మీ చెల్లి పీజీ ఎంట్రన్స్‌కి చదువుతూ ఉంటుంది, లేదా పీజీలో స్టైపెండ్ మీద ఉంటుంది. ఆ ఈఎంఐ ఎవరి జీతంలోంచి పోతుంది? సహ రుణగ్రహీతగా మీరు సంతకం పెడితే ఆ అప్పు మీ సిబిల్ రిపోర్టులోనూ కనిపిస్తుంది. ఒక వాయిదా తప్పితే మీ స్కోరు పడుతుంది. రేపు మీ ఇంటి లోన్‌కి బ్యాంకు చూసేది దాన్నే. చెల్లి కోసం సంతకం పెట్టొద్దని చెప్పడం లేదు. ఎంతకి పెడుతున్నామో తెలిసి పెట్టమంటున్నాం.

నీట్ రిజల్ట్‌కి ముందే చేయాల్సినవి

ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరూ ఇంటిపేరూ ఒకేలా ఉన్నాయా చూడండి. ఒక అక్షరం తేడా ఉన్నా పోర్టల్ వెనక్కి కొట్టొచ్చు. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ అయితే సరిపోదు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఏ బ్యాంకులో ఉందో కనుక్కోండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు కొత్తవి తీసిపెట్టుకోండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్త చేయండి.

ఈ చివరిది మనకి మరీ ముఖ్యం. పనికోసం బెంగళూరు, చిక్కబళ్లాపురం వెళ్లిన కుటుంబాల పిల్లలు అక్కడే చదివి ఉంటారు. లోకల్ హోదాకి వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండటం ప్రధాన ఆధారం. అది లేకపోతే ఎస్వీయూ ప్రాంతపు లోకల్ సీట్లకి అవతలే నిలబడాల్సి రావచ్చు. ఫీజు తక్కువున్న సీటు చేజారితే సాయం కూడా దాంతోపాటే పోతుంది.

తర్వాత బ్యాంకుకి వెళ్లండి. సీటు రాకముందే మాట్లాడొచ్చు: ఎంతవరకు ఇస్తారు, ఏ తాకట్టు తీసుకుంటారు, వడ్డీ ఎంత. సమాధానాలు కాగితం మీద రాసుకుని, వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఇంటి శక్తికి మించిన కేటగిరీని ఆప్షన్లలో పెట్టకండి. చివరి విడతలో సీటు తీసుకుని వదిలేస్తే జరిమానా ఉంటుంది. కొద్ది మార్కుల్లో కన్వీనర్ సీటు తప్పినవాళ్లకి ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ ఖర్చు, 54 లక్షల పక్కన చాలా చిన్నది. విదేశీ ఎంబీబీఎస్ చవక అని ఏజెంట్లు చెప్పేదీ లెక్కేసి చూడండి: 2021 నిబంధనల ప్రకారం 54 నెలల కోర్సు, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి. తిరిగొచ్చాక ఇక్కడ అర్హత పరీక్ష పాసవ్వాలి.

ప్రభుత్వం చేయాల్సింది

కుటుంబాల జాగ్రత్త ఒక్కటే చాలదు. సెల్ఫ్ ఫైనాన్స్ సీట్ల డబ్బుతోనే కొత్త కాలేజీలు నడుస్తాయన్నది ప్రభుత్వాల వాదన. కాలేజీ నడపడానికి డబ్బు కావాలి, ఆ మాట నిజమే. కానీ ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వం కట్టిన కాలేజీలో సీటు తెచ్చుకున్న పేద విద్యార్థికి ప్రభుత్వ సాయమే అందదనడం ఏ లెక్క? సాయం కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉండాలి, సీటుకి తగిలించిన పేరుని బట్టి కాదు.

మన పక్కనే పెనుకొండకి మెడికల్ కాలేజీ మంజూరైంది. అది ఇంకా తెరుచుకోలేదు. 2025లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించిన పది కాలేజీల్లో అదీ ఉంది. దీని మీద రాజకీయంగా ఎవరి మాట వాళ్లు చెబుతున్నారు. గోరంట్ల పిల్లలకి కావాల్సిన జవాబు మాత్రం ఒకటే: అక్కడ 15 వేల సీట్లు ఎన్ని? ఆ అంకె ఎవరు చెప్పినా, కాగితం మీద చెప్పాలి.

ఖర్చులేని పని ఇంకోటి ఉంది. వెబ్ ఆప్షన్ల స్క్రీన్ మీద ప్రతి సీటు పక్కన కోర్సు మొత్తానికి ఫీజెంత, రీయింబర్స్‌మెంట్ ఉందా లేదా అని రెండు గళ్లు చూపించొచ్చు. సాఫ్ట్‌వేర్ పని తెలిసినవాళ్లకి అది ఎంత చిన్న మార్పో తెలుసు. రైలు టికెట్ కొనేటప్పుడు చార్జీ చూపించాకే డబ్బు కట్టమంటారు. అరకోటి సీటుకి ఆ పాటి మర్యాద ఉండొద్దా?

ఆ గళ్లు వచ్చేదాకా, ఆ పని ఇంట్లో మీరే చేయాలి. మీ చెల్లి కోసం ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. మొదటి కాలమ్‌లో కాలేజీ పేరు కాదు, కేటగిరీ రాయండి.